గురువారం మీగడ

రామబ్రహ్మానికి మీగడంటే ప్రాణం. ఆ సంగతి ఆయన ఏనాడూ బయటపెట్టలేదు. జగ్గయ్యపేటలో పాతికేళ్ళుగా దస్తావేజులు రాస్తున్న మనిషి, పైగా ఊరి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. అంతటివాడు నాకు మీగడ వెయ్యవే అని పెళ్ళాన్ని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు చెప్పండి! అడగలేకపోయాడు. అడగలేక ఏకంగా ఒక సెంటర్ ఫార్వర్డునే ఊరు దాటించాడు.

అది డెబ్భై తొమ్మిది చివర. ఓ గురువారం మధ్యాహ్నం పీటల మీద ఎదురెదురుగా ఇద్దరు కూర్చున్నారు. ఒకరు రామబ్రహ్మం, రెండోవాడు బుల్లిబాబు. పేరుకే బుల్లి. మనిషి ఆరడుగుల మూడంగుళాలు. రెండేళ్ళుగా ఆ ఇంటి గుమ్మంలోంచి తల వంచుకునే లోపలికి వస్తున్నాడు. అది వినయమని రామబ్రహ్మం భార్య రాజరాజేశ్వరి నమ్మకం. గుమ్మం పొట్టిదని రామబ్రహ్మం వాదన.

రాజరాజేశ్వరి పెరుగు గిన్నె తెచ్చింది. గరిటె లోపలికి పోనిచ్చి, అరంగుళం మందాన కట్టిన మీగడని అంచుల దగ్గర్నుంచి ఒడుపుగా విడదీసి, మొత్తం బుల్లిబాబు విస్తట్లో వేసింది. కింద మిగిలిన పెరుగు మొగుడికి వడ్డించింది.

“ఆ పక్కన ఇంకా కొంచెం ఉన్నట్టుందే,” అన్నాడు రామబ్రహ్మం, ఎవరి కోసమో అడుగుతున్నట్టు.

“అది గిన్నె రంగండీ.”

“అసలు ఈ ఇంట్లో మీగడ ఎటు పోతోందీ అని.”

“ఆరు రోజుల మీగడ వెన్నకి పోతోంది. ఏడో రోజుది పిల్లాడికి.”

“ఆ వెన్న కాచిన నెయ్యో?”

“అదీ పిల్లాడికే. వాడు ఆడతాడు. మీరు ఆడతారా?”

“నేను కార్యదర్శినే!”

“కూర్చుని రాసేవాళ్ళకి మజ్జిగ చాలు,” అని ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బుల్లిబాబు మాత్రం తినడం ఆపి, బాబాయిగారి విస్తరి వంక ఓసారి చూశాడు. ఆ చూపు రామబ్రహ్మం గమనించలేదు. ఆయన కళ్ళు మీగడ మీద ఉన్నాయి.

బుల్లిబాబుది ముక్త్యాల. తల్లీ తండ్రీ లేరు. పెంచిన నాయనమ్మ కూడా పోయాక, జగ్గయ్యపేట వచ్చి ఇంటర్ తప్పాడు. అయితే కాలికి బంతి తగిలిందంటే మాత్రం గోలు కీపర్లు దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు. అలాంటివాణ్ణి సంఘం వదులుకోలేదు, పోషించే స్తోమతా లేదు. అప్పుడు రామబ్రహ్మానికే ఓ ఆలోచన వచ్చింది. పూర్వం బీద విద్యార్థులు ఏడిళ్ళు కుదుర్చుకుని, రోజుకో ఇంట్లో తిని చదువుకునేవాళ్ళు. వారాలు చేసుకోవడం అనేవాళ్ళు దాన్ని. చదువుకి పనికొచ్చిన పద్ధతి ఆటకి ఎందుకు పనికిరాదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అలా ఏడిళ్ళు కుదిరాయి. కొన్నాళ్ళకి ఊళ్ళో ఆ ఇళ్ళవాళ్ళకి అవే పేర్లయ్యాయి. మిరప రైతు, సంఘం అధ్యక్షుడు రత్తయ్య సోమవారం రత్తయ్య. మొగుడు పోయినా ఎనిమిదెకరాలు ఒంటిచేత్తో చేయించే బసవమ్మ మంగళవారం బసవమ్మ. ఆస్పత్రిలో నర్సు ఆదివారం లూర్దమ్మ. ఆవిడింట్లో కోడికూర గనక సోమవారం ఆటలో బుల్లిబాబు మూడు గోల్సు తప్పకుండా కొట్టేవాడు. శనివారంవాళ్ళది ఒంటిపూట భోజనం, రాత్రికి ఉప్మా. అందుకని ఆదివారం పొద్దున జగ్గయ్యపేట ఎవరితోనూ పందేనికి ఒప్పుకునేది కాదు.

ఇదిలా ఉండగా నందిగామ నుంచి కబురొచ్చింది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. మూడు నెలల పాటు బుల్లిబాబుని బదులివ్వమని ఆ ఊరి కార్యదర్శి భవానీప్రసాద్ స్వయంగా వచ్చి అడిగాడు. ఆయన నందిగామ కోర్టులో వకీలు గుమాస్తా. నవ్వితే కూడా సాక్షులు ఉన్నారో లేదో చూసుకుని నవ్వే రకం.

రామబ్రహ్మం మనసులో ఓ లెక్క వెలిగింది. బుల్లిబాబు లేకపోతే గురువారం ఉంటుంది, గురువారం మీగడ ఉంటుంది, తినేవాడు ఉండడు.

ఏడిళ్ళవాళ్ళూ రత్తయ్య వరండాలో సమావేశమయ్యారు. ఇంటికో ఓటు. వరండా నిండా మిరపకాయల బస్తాలు. నాలుగు మాటలకోసారి ఎవరో ఒకరు తుమ్మడం, తుమ్మారు గనక అపశకునమని అందరూ కాసేపు ఆగడం. అందువల్ల చర్చ మొదలవడానికే గంట పట్టింది.

“పొలం పనుల రోజుల్లో పక్కోడికి ఎద్దుని బదులిస్తాం గదా. మేపుకుంటాడు, దున్నుకుంటాడు, తెచ్చి కట్టేస్తాడు. ఇదీ అంతే గదయ్యా,” అన్నాడు రత్తయ్య.

“ఎద్దుని బదులిస్తే డొక్కలెండి తిరిగొస్తది, రత్తయ్య బావా. నిరుడు నీకిచ్చిన నా ఎద్దుని చూసినా నీకు తెలవలా?” అంది బసవమ్మ. వరండా అంతా నవ్వింది, రత్తయ్య తప్ప. “అయినా ఏందయ్యా మీ మాటలు? కన్నతల్లి లేని బిడ్డ. ఏడిళ్ళ తల్లులం ఉన్నాం. వాణ్ణి బదులిచ్చుకుంటారా ఎవరైనా?”

“నా ఓటు కూడా వద్దనే,” అంది లూర్దమ్మ. “వాడికి మోకాలు నొప్పొస్తే నందిగామలో కట్టు కట్టేదెవరండీ?”

అప్పుడు రామబ్రహ్మం లేచాడు. గొంతు సవరించుకున్నాడు. పెద్ద గ్రౌండు, పెద్ద పోటీ, కుర్రవాడి భవిష్యత్తు అన్నాడు. ఒకే నీళ్ళలో ఈదుతుంటే ఈత రాదన్నాడు. బుల్లిబాబు మీద ఉన్న ప్రేమ వల్లనే వాణ్ణి దూరం చేసుకుంటున్నానంటూ ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. కళ్ళు నిజంగానే మండుతున్నాయి, అది మిరపకాయల ఘాటు.

ఓట్లు వేస్తే ఇటు మూడు, అటు మూడు వచ్చాయి. మిగిలింది గురువారం.

బుల్లిబాబు అరుగు కింద బంతి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క క్షణం రామబ్రహ్మం వాడి వంక చూసి ఉంటే బాగుండేది. చూడకుండా చెయ్యెత్తాడు.

ఇంటికెళ్ళి కాయితాలు ముందేసుకున్నాడు. ఉత్త మాట మీద ఇవ్వడం ఆయన వృత్తికే అవమానం గనక దస్తావేజు రాయాల్సిందే.

“పంపించేస్తున్నారుటగా వాణ్ణి,” అంది రాజరాజేశ్వరి, వత్తులు చేసుకుంటూ.

“ఊరి నిర్ణయమే. నాదేముంది?”

“మీ ఓటుతోనేట.”

“వాడి భవిష్యత్తు కోసం.”

రాజరాజేశ్వరి ఆయన మొహం వంక చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆవిడ చదివినంత వివరంగా ఆ మొహాన్ని ఇంకెవరూ చదవలేరు. “ఏం రాశారో వినిపించండి,” అంది.

రామబ్రహ్మం ఉత్సాహంగా చదివాడు. “బుల్లిబాబు అను సెంటర్ ఫార్వర్డును మూడు మాసముల గడువునకు నందిగామ సంఘము వారి స్వాధీనము చేసితిమి. చతుస్సీమ హద్దులు, తూర్పున...”

“మనిషికి హద్దులేవిటండీ?”

“అలవాటులో వచ్చిందే, కొట్టేస్తాలే.”

“తిండి సంగతి రాశారా? పరాయి ఊళ్ళో వాడు పస్తులుంటే పాపం మనదవుతుంది. ఇప్పుడెలా జరుగుతోందో అలాగే జరగాలని రాయండి.”

ఎంత మంచి మనసు అనుకున్నాడు రామబ్రహ్మం. నందిగామలో కూడా ఏడిళ్ళు కుదురుస్తారు, ఇంకేం కావాలి! మురిసిపోతూ రాశాడు. “సదరు ఆటగాని భోజన వసతి ఇప్పుడు జరుగుచున్న ఆచారము ప్రకారమే, ఎట్టి మార్పూ లేక జరుగవలెను.” కింద పొడుగాటి సంతకం పెట్టాడు.

బుల్లిబాబు వెళ్ళిన మర్నాడే గురువారం. రామబ్రహ్మం పదకొండింటికే స్నానం చేసి పీట మీద కూర్చున్నాడు. పప్పు వచ్చింది. చారు వచ్చింది. పెరుగు వచ్చింది. పైన ఏమీ లేదు, నున్నగా ఉంది.

“మీగడేదే?”

రాజరాజేశ్వరి నాలుగు గిన్నెల క్యారియర్ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. “ఇందులో ఉంది. పన్నెండున్నర బస్సుకి వెళ్ళండి. పిల్లాడు ఆకలికి ఆగలేడు.”

“నేనెక్కడికే?”

“నందిగామ. భవానీప్రసాద్‌గారు చీటీ రాశారు. ఇప్పుడు జరుగుతున్న ఆచారమంటే రోజుకొక జగ్గయ్యపేట ఇంట్లోంచి భోజనం రావడమేట. ఎట్టి మార్పూ లేకుండా అని మీరే రాశారుగా. కావాలంటే కోర్టుకి రమ్మన్నారు.”

“ఆ ముక్క నువ్వు చెబితేనే కదే రాసింది!”

“నేను చెప్పా, మీరు రాశారు. సంతకం ఎవరిదండీ?”

రామబ్రహ్మం క్యారియర్ పట్టుకుని బస్సెక్కాడు.

ఏడిళ్ళకీ అదే గతి పట్టింది. సోమవారం రత్తయ్య కాడి వదిలేసి బస్సుకి పరిగెత్తాడు. లూర్దమ్మ ఆదివారం ప్రార్థన కాగానే కోడికూరతో బయల్దేరింది. మిగతా ఆరుగురూ రామబ్రహ్మాన్ని చూసే చూపు మారిపోయింది. బసవమ్మ ఒక్కతే నవ్వుతూ, “ఎద్దుని బదులిచ్చి మేతా మనమే మోస్తున్నాం, బాగుంది గదయ్యా పంతులూ,” అంది.

గంట ప్రయాణం. బస్సు ఎగిరినప్పుడల్లా ఒళ్ళో క్యారియర్ ఎగిరేది. పై గిన్నె మూత పక్కనుంచి కమ్మటి వాసన వచ్చేది. రామబ్రహ్మం మొహం కిటికీ వైపు తిప్పుకుని, మైలురాళ్ళు చదువుకుంటూ కూర్చునేవాడు.

గ్రౌండు పక్కన వేపచెట్టు కింద బుల్లిబాబు ఎదురుచూస్తూ ఉండేవాడు. దూరం నుంచే లేచి నిలబడి, “బాబాయిగారూ, ఎండన పడి వచ్చారా!” అని క్యారియర్ అందుకునేవాడు. మీగడ గిన్నె తెరవగానే మొదట ఆయన ముందే పెట్టేవాడు.

“మీరు కొంచెం తినండి బాబాయిగారూ.”

“ఛ ఛ. నాకు మీగడ పడదురా.”

“ఒక్క ముద్ద.”

“పడదంటుంటే!”

ప్రతి గురువారమూ వాడు అడిగేవాడు, ఈయన పడదనేవాడు. ఒకసారి అన్నం కలుపుతూ బుల్లిబాబు తలెత్తకుండా అడిగాడు. “నన్నెందుకు పంపించారు బాబాయిగారూ? నేనేమన్నా తప్పు చేశానా?”

“అనుభవం కోసంరా.”

“అట్టాగా,” అన్నాడు వాడు. ఆ రోజు తిరుగు బస్సులో రామబ్రహ్మానికి మైలురాళ్ళు చదవబుద్ధి కాలేదు. తను చేసింది తప్పని ఆయనకి మొదటిసారి తెలిసింది. పెళ్ళాం మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాడు గానీ రాలేదు.

విచిత్రమేమిటంటే, రాను రాను గురువారం ఎప్పుడొస్తుందా అని ఆయనే చూడసాగాడు. బుధవారం నాడే కూర ఏమిటని అడిగేవాడు. గుత్తివంకాయంటే వాడికిష్టమని గుర్తుచేసేవాడు. ఆలస్యమైతే కండక్టరుతో పోట్లాడేవాడు. ఓసారి బస్సు చెడిపోతే చిల్లకల్లు దాకా నడిచాడు, పెరుగు గిన్నె ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని.

ఇంతలో పోటీలు వచ్చాయి. ఆఖరి ఆటకి మిగిలిన జట్లు రెండు. ఒకటి నందిగామ, రెండోది జగ్గయ్యపేట.

అరువిచ్చిన ఆటగాణ్ణి మన మీదికే దింపకూడదని దస్తావేజులో ఒక్క ముక్క ఉండాల్సింది. హద్దులు రాసిన పెద్దమనిషి ఆ ముక్క మరిచిపోయాడు. భవానీప్రసాద్ కాయితం ముందూ వెనకా తిప్పి చూపించి, సాక్షుల ఎదుటే నవ్వాడు.

ఆట శుక్రవారం. ముందురోజు వాడు ఎవరింటి అన్నం తిన్నాడో వేరే చెప్పాలా! ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా బుల్లిబాబు మధ్యగీత దగ్గర బంతి అందుకుని, ముగ్గుర్ని దాటి, జగ్గయ్యపేట గోల్లో కొట్టాడు. నందిగామ అంతా లేచి గంతులేసింది. బుల్లిబాబు మాత్రం తల వంచుకుని నిలబడిపోయాడు.

ఆ గ్రౌండులో గుమ్మం ఏదీ లేదు. గుమ్మం పొట్టిదన్న వాదన రామబ్రహ్మం అక్కడే వదులుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో పెళ్ళాంతో ఓడిపోయిన వాదాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్కటీ ఒక ఎత్తు.

“ఎవరిదయ్యా ఆ మీగడ?” అని జగ్గయ్యపేట జనంలోంచి ఒకడు అరిచాడు. “గురువారానిది!” అని వందమంది అరిచారు.

ఆ ఆట చూడ్డానికి సికింద్రాబాదు నుంచి ఓ కంపెనీ జట్టువాళ్ళు వచ్చారని, బుల్లిబాబుకి ఉద్యోగమిచ్చి తీసుకెళ్తామన్నారని వారం తిరక్కుండా తెలిసింది. గడువు తీరడానికి ఇంకా పది రోజులుంది. వాడు మనవాడు, మనకే రావాలని రత్తయ్య వరండాలో మళ్ళీ సభ పెట్టారు. బుధవారం నాడు రామబ్రహ్మం కచేరీ నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి, చీకటి పడేదాకా తుమ్ముతూ వాదించాడు. ఈసారి ఏ లొసుగూ లేకుండా కొత్త దస్తావేజు రాస్తానన్నాడు. గురువారం నాడు వాడితో అంతా చెప్పేస్తాననీ, పంపించింది నేనేరా, క్షమించు అంటాననీ మనసులో గట్టిగా అనుకున్నాడు.

మర్నాడు రాజరాజేశ్వరి ఎప్పటిలాగే క్యారియర్ అందించింది. వేపచెట్టు కింద ఎవరూ లేరు. భవానీప్రసాద్ గొడుగేసుకుని వచ్చాడు.

“మీకు తెలవదాండీ? నిన్న పొద్దున్నే వెళ్ళిపోయాడు. నిన్నటికి క్యారియర్ వద్దని మాత్రం బుధవారంవాళ్ళకి కబురు పెట్టాడు. ఉద్యోగంలో వెంటనే చేరమన్నారట. మేమూ ఏం చెయ్యలేకపోయాం.” ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది. దస్తావేజు మడత పెట్టి రామబ్రహ్మం చేతిలో పెట్టాడు. “ఇంక దీంతో నాకేం పనండి.”

నందిగామ బస్టాండులో రామబ్రహ్మం క్యారియర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పకుండా వెళ్ళిపోయాడు. చెప్పాల్సినంత మంచి తను ఏం చేశాడు గనక? బస్సుకి ఇంకా గంట ఉంది. ఆకలేసింది. అన్నం పారెయ్యకూడదు కదా అనుకుని మూత తీశాడు. పై గిన్నెలో మీగడ, చెదరకుండా, అరంగుళం మందాన.

తిన్నాడు. గొంతు దిగదనుకున్నాడు, దిగింది. రుచి తెలియదనుకున్నాడు, తెలిసింది. అద్భుతంగా ఉంది. అందుకే ఏడుపొచ్చింది. పక్కనున్నవాళ్ళు చూస్తున్నారని కారం ఎక్కువైనట్టు హుష్ హుష్ అన్నాడు. గిన్నెలు నాలుగూ ఖాళీ చేసి కుళాయి దగ్గర కడుక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి రాజరాజేశ్వరి గుమ్మంలోనే ఉంది. నిజం చెబితే ఆవిడ తట్టుకోలేదని ఆయన దారిపొడుగునా ఆలోచించుకున్నాడు.

“తిన్నాడాండీ?”

“తినకేం. గిన్నె నాకేశాడు.”

“ఏమన్నాడు?”

“పిన్నిగారి చేతి మీగడ ఇంకెక్కడా లేదన్నాడు.”

రాజరాజేశ్వరి క్యారియర్ అందుకుంది. “నిన్న మధ్యాహ్నం వాడు ఇక్కడే ఉన్నాడండీ,” అంది. “హైదరాబాదు పోతూ దిగాడు. మీతో చెప్పి వెళ్తానని ఆ అరుగు మీద అయిదున్నర దాకా కూర్చున్నాడు. కచేరీకి మనిషిని పంపిస్తే మీరు లేరన్నారు. ఆఖరి బస్సు పోతుందని లేచాడు.”

రామబ్రహ్మం చతికిలబడి కూర్చున్నాడు. ఆ అరుగే. నాలుగు వీధుల అవతల తను వాడి కోసమే అరుస్తున్నాడు, అదే సమయంలో.

“మరి ఈ క్యారియర్ ఎవరికి పంపించావే?”

“మీకే. వాడే చెప్పాడు. పిన్నిగారూ, ఈ గురువారం మీగడ బాబాయిగారికి పెట్టండి, ఆయనకి చాలా ఇష్టం, నేనుండగా తినలేకపోయారు అన్నాడు. ఇంట్లో పెడితే నా మొహం చూసి తినరుగా మీరు. అందుకని నందిగామ పంపించా.”

“వాడికి... ఎప్పట్నుంచి తెలుసే?”

“మొదటి రోజు నుంచీ తెలుసుట.”

రామబ్రహ్మం జేబులో మడత పెట్టిన దస్తావేజు గుచ్చుకుంటోంది. తీసి చూస్తే తన సంతకమే, పొడుగ్గా, అందంగా.

పై గురువారం విస్తట్లో, ఆయన అడక్కుండానే, మీగడ మొత్తం పడింది. ఎదురు పీట ఖాళీగా ఉంది. రామబ్రహ్మం చేత్తో మీగడని మెల్లగా పక్కకి జరిపాడు.

“నాకు మీగడ పడదే,” అన్నాడు.

“ఆ ముక్క చెయ్యెత్తక ముందు చెప్పాల్సింది,” అంది రాజరాజేశ్వరి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.